పాసుపుస్తకాలు 10, ఒర్రె ఒక్కటే: హిమాయత్ సాగర్ ఎగువన ఒక కేస్ స్టడీ

2018 జూన్ మొదటి వారంలో ఒక రైతు ఫోన్ చేశాడు. "సారూ, ఉపాధి హామీల నాకు నీటి కుంట మంజూరైంది. ఎక్కడ తవ్వాల్నో జర వచ్చి చెప్పి పోండ్రి." నేను వ్యవసాయ ఇంజనీర్‌ని. నేల, నీళ్ళ పనులు చేసే ఒక చిన్న సంస్థలో ఉంటాను. ఆఫీసు సికింద్రాబాద్‌లో, తిరుగుడంతా రంగారెడ్డి జిల్లాలో. కుంటకు చోటు చూపించడం పూట పని అనుకుని బండెక్కాను. ఆ పూట పని నాలుగేళ్ళు పట్టింది.

ఊరి పేరు రాయను. శంషాబాద్ దాటాక, ఈసీ నదికి నీళ్ళు చేరే వైపున, హిమాయత్ సాగర్‌కు ఎగువన ఉంటుందని చెబితే చాలు. పైన రాళ్ళ గుట్ట, అది సర్కారుది. గుట్ట కాళ్ళ దగ్గర నుంచి కింద వాగు దాకా 42 ఎకరాల ఎర్ర చెల్క. పాసుపుస్తకాలు 10. నిజంగా దున్నేవాళ్ళు ఇంకొందరు ఎక్కువ, ఆ సంగతి తర్వాత. ఈ చెల్కల మధ్యలోంచి సుమారు 400 మీటర్ల పొడవున ఒక ఒర్రె, అంటే వాన నీళ్ళు కోసిన కాలువ. ముప్ఫై ఏళ్ళ కింద దాన్ని ఎడ్ల బండి దాటేదట. నేను చూసేనాటికి కొన్నిచోట్ల నా భుజం లోతుంది.

ఫోన్ చేసిన రైతుది అందరికంటే కింద, వాగు ఒడ్డున 3 ఎకరాలు. బోరు పక్కన, అన్నిటికంటే పల్లపు మూలన కుంట తవ్వాలని ఆయన అప్పటికే ముగ్గు పోసి పెట్టాడు. "నీళ్ళన్నీ ఈడికే వస్తయి గదా సారూ." ఆ మాట నిజమే, చిక్కు కూడా అక్కడే ఉంది. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్లు. 42 ఎకరాల మీద గంటలో 5 సెంటీమీటర్లు కొడితే 85 లక్షల లీటర్లు. ఎర్ర నేల పైపొర బిరుసెక్కి ఉంటుంది కాబట్టి మూడో వంతు పారిందనుకున్నా 28 లక్షలు. మంజూరైన కుంట పైన 10 మీటర్ల చదరం, లోతు రెండున్నర మీటర్లు, గోడలు వాలుగా. అందులో పట్టేది లక్షా 46 వేల లీటర్లు. అంటే ఒక్క గట్టి వానకు అలాంటివి 19 కుంటలు కావాలి. పైగా ఒర్రె మోసుకొచ్చే ఎర్ర మన్ను ఆ ఒక్క కుంటను రెండేళ్ళలో పూడ్చేస్తుంది. నేల మీద కట్టె పుల్లతో గీసి ఇదంతా చెప్పాను. ఆయన కాసేపు చూసి, "గట్లయితే పైన ఆపాలె. పైన పెద్దసారుది. ఆయన పట్నంల ఉంటడు" అన్నాడు.

పని ఎగువ నుంచి దిగువకు రావాలన్నది కొత్త సంగతేమీ కాదు. సి.హెచ్. హనుమంతరావు కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1995 నుంచి దేశమంతటా వాటర్‌షెడ్ (పడిన వానంతా ఒకే వాగులోకి చేరే ప్రాంతం) మార్గదర్శకాలు అమలయ్యాయి. అప్పటి నుంచీ ట్రైనింగుల్లో మేం చెప్పే మొదటి మాట ఇదే. కానీ వ్యక్తిగత లబ్ధి పథకాలు అలా రావు. పాసుపుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పేరు మీద, వాళ్ళు అడిగిన చోట వస్తాయి. నీళ్ళకేమో సర్వే నంబర్లు తెలియవు. ఈ కేసంతా ఆ రెండింటి మధ్య నలిగిన కథే.

ముందుగా ఊళ్ళో ఉన్న అనుమానం గురించి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అప్పటికి ఈ ప్రాంతం 1996 మార్చిలో వచ్చిన జీవో 111 పరిధిలో ఉంది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడడానికి, తాగునీరు ఇవ్వడానికి కట్టినవి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. ఆ రెండు చెరువుల్లోకి మురికి చేరకుండా చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు రాకుండా ఆ జీవో కట్టడి చేసింది. ఉద్దేశం మంచిదే, నేను దాన్ని సమర్థించేవాడినే. కానీ ఊరివాళ్ళ లెక్క వేరు. పట్నానికి నీళ్ళ కోసం మా భూములకు ధర లేకుండా చేసిన్రు, దానికి మాకు పైసా ఇయ్యలేదు అంటారు. ఆ కోపం ఎంత పాతదంటే, నేను బండి దిగి టేపు తీయగానే ఒకాయన "మళ్ళ ఏం బంద్ పెడ్తున్రు?" అని అడిగాడు.

రెండో అనుమానం ఒడ్ల గురించి, అంటే చేలల్లో వేసే మట్టి గట్ల గురించి. ఎన్నడో వాటర్‌షెడ్ పేరుతో వాలుకు అడ్డంగా వేసిన కాంటూరు ఒడ్ల ఆనవాళ్ళు అక్కడక్కడా కనిపించాయి. శాస్త్రం ప్రకారం అవి సరైన చోటే ఉన్నాయి. కానీ పొలాల మధ్యలోంచి వంకర టింకరగా పోయాయి, నాగలికి అడ్డం వచ్చాయి. రైతులు రెండు మూడేళ్ళలో దున్ని చదును చేసేశారు. కాగితం మీద పూర్తయిన పని, చేనులో లేని పని. అందుకే ఈసారి హద్దుల మీదే ఒడ్లు, నీళ్ళు పోయే చోట రాతి మత్తడి అని ముందే అనుకున్నాం. వాలు ప్రకారం చూస్తే కాస్త తప్పే. కానీ ఉండే ఒడ్డు, లేని ఒడ్డు కంటే మేలు.

ఇక ఎవరికి ఏ పథకం వర్తిస్తుందో చూడడానికి ఒక ఆదివారం ఊరి హనుమాన్ గుడి అరుగు మీద కూర్చున్నాం. అప్పటి నిబంధనల ప్రకారం ఉపాధి హామీ కింద సొంత భూమిలో కుంట, కందకాలు, ఒడ్లు, తోటలు చేసుకోవచ్చు. కానీ ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు, సన్న, చిన్నకారు రైతుల వంటి వాళ్ళకే, అదీ జాబ్ కార్డు ఉండి ఆ పనిలో తామూ దిగితేనే. పదిమందిలో ఆరుగురు సరిపోయారు. డ్రిప్‌కు తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు నూరు శాతం, బీసీలకు, సన్న, చిన్నకారు రైతులకు 90 శాతం, మిగతావాళ్ళకు 80 శాతం సబ్సిడీ ఉండేది. దానికి బోరు, కరెంటు, పాసుపుస్తకం కావాలి. అప్పటి మిషన్ కాకతీయలో చెరువు పూడిక తవ్వి ట్రాక్టర్‌లో పోసే ఖర్చు సర్కారుది, చేను దాకా తోలుకునే ఖర్చు రైతుది. హరితహారం మొక్కలు ఉచితంగా ఇచ్చేవారు.

వినడానికి పళ్ళెం నిండా వడ్డించినట్టే ఉంది. ఇప్పుడు ఒర్రె పక్కన నిలబడి చూడండి. నష్టమంతా మొదలయ్యే పై 7 ఎకరాలు పెద్దసారువి. ఆయన రిటైర్డ్ టీచర్, వనస్థలిపురంలో ఉంటారు. పట్నంలో ఉండే మనిషికి ఊళ్ళో జాబ్ కార్డు ఎక్కడిది? ఉపాధి హామీ ఆయన చేనులో అడుగు పెట్టదు. బోరు లేదు కాబట్టి డ్రిప్ లేదు. దున్నేది కౌలుదారు. ఆయనకు పుస్తకం లేదు కాబట్టి అసలు ఏదీ లేదు. మధ్యలో ఇంకొకాయన 2 ఎకరాలు సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్ల కాగితం ఒప్పందం) మీద కొనుక్కుని పదిహేనేళ్ళుగా దున్నుకుంటున్నాడు. పుస్తకం ఇంకా అమ్మినాయన పేరునే ఉంది. ఒర్రె సగం కోత ఆ రెండెకరాల పక్కనే. ఎక్కడ పని ఎక్కువ అవసరమో, సరిగ్గా అక్కడే ఏ పథకానికీ దారి లేదు. ఆ సాయంత్రం ఊరి నక్షా మీద నేను ఎర్ర పెన్సిల్‌తో ఒర్రె కోతలు, నీలి పెన్సిల్‌తో పథకాలు గీశాను. రెండు రంగులు ఎక్కడా కలవలేదు.

పెద్దసారు ఇంటికి మొత్తం ఐదుసార్లు వెళ్ళాను. మొదటిసారి చాయ్ ఇచ్చి, మర్యాదగా కాదన్నారు. "తమ్మీ, నా చెల్కల నీళ్ళు నేనాపితే పోసేది కిందోళ్ళ బోరు. ఒడ్డు కింద పోయే జాగ నాది, పైసలు నావి. లాభం ఎవరిది?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళూ నిజం. పై చేనులో ఇంకిన నీళ్ళ ఫలం చాలా మటుకు కింది బావికే వస్తుంది. మట్టి తన చేనులోనే నిలవడం ఆయనకూ లాభమే. కానీ చేను కౌలుకు ఇచ్చి, ఎప్పుడో ఒకప్పుడు అమ్ముదామనుకునే మనిషికి నాలుగంగుళాల పైమట్టి గురించి చెప్పి ఏం ఒప్పిస్తాం?

రెండోసారి ఆయన అసలు భయాలు బయటికి వచ్చాయి. సర్కారు పైసలతో ఒడ్డు వేస్తే రికార్డులో ఏదో ఒకటి రాస్తారని ఒకటి. చెట్లు పెడితే రేపు కొట్టాలన్నప్పుడు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతికి తిరగాలని ఇంకొకటి. కౌలుదారు పేరు ఏ మస్టర్‌లోనో, అంటే కూలీల హాజరు పట్టీలోనో, ఎక్కితే భూమి మీద హక్కు అడుగుతాడని మూడోది. మూడూ నాకు అతిగానే అనిపించాయి. కానీ జీవో 111 కింద ఇరవై రెండేళ్ళు బతికిన మనిషికి అవి అతి కాదు. ఆఫీసులో కూర్చుని రాసే ప్రతిపాదనల్లో 'భూ యజమానుల అవగాహనా లోపం' అని ఒక వాక్యం మేమందరం రాస్తాం. ఆయనకు లోపించింది అవగాహన కాదు, నమ్మకం. ఆ తర్వాత నేను ఆ వాక్యం రాయడం మానేశాను.

మూడోసారి ఏమీ మాట్లాడలేదు. ఆయన్ని ఆటోలో ఎల్‌బీ నగర్ దాకా, అక్కడి నుంచి నా బండి మీద చేనుకు తీసుకెళ్ళాను. డెబ్భై ఏళ్ళ మనిషి, అదో టెన్షన్. పాసుపుస్తకంలోని హద్దుల ప్రకారం టేపు పెట్టి కొలిచాం. ఒర్రె ఆయన వైపు తిని పారేసిన జాగ 6 గుంటలు. గుంటకు 121 గజాలు. నేను లెక్క పూర్తి చేసేలోగానే టీచర్‌గారు నోటితో గుణించేశారు. "726 గజాలు!" వనస్థలిపురంలో ఆయన ఇల్లు 200 గజాల్లో ఉంది. మూడున్నర ఇళ్ళ జాగా, ఎవరూ కబ్జా చేయకుండానే పోయింది. పైగా ఒర్రె నెత్తి ఇంకా పైకి కోసుకుంటూ పోతోంది. అది ఆగే దాకా ఆ నష్టం ఆగదు.

అప్పటిదాకా నేను భూముల ధరను మా పనికి శత్రువుగా చూశాను. హైదరాబాద్ చుట్టూ నేల సంరక్షణ చేసే ఎవరిని అడిగినా అదే అంటారు, గజాల్లోకి వెళ్ళాక ఎకరం ఎవరికి పడుతుంది అని. ఆ రోజు మాత్రం పైమట్టి, భూసారం, భూగర్భ జలం అనే మా మాటలు మూడు నెలల్లో చేయలేని పని 'గజాలు' అన్న ఒక్క మాట చేసింది. ఆయన భాష అది. నేనే ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఒప్పందం తెల్ల కాగితం మీద రాసుకున్నాం. పెద్దసారు చేను కింది హద్దు మీద 180 మీటర్ల ఒడ్డు, రెండు రాతి మత్తళ్ళు. అది సర్కారు పని కాదు కాబట్టి ఏ రికార్డులోనూ ఎక్కదు. ఖర్చు సగం ఆయనది, సగం కింద బోర్లున్న నలుగురిది. ఏటా మృగశిర కార్తె లోపల ఆ నలుగురూ వచ్చి ఒడ్డు సరిచేసి, మత్తళ్ళు శుభ్రం చేసి పోవాలి. పై చేను ఆపిన నీళ్ళకు కింది చేలు కట్టే కిరాయి అనుకోవచ్చు. పెద్దసారు తన వాటా ఆ సీజన్ రైతుబంధు డబ్బుల నుంచి ఇచ్చారు. ఎకరాకు 4 వేలు, ఏ షరతూ లేకుండా వచ్చిన సాయం అది. షరతు లేని డబ్బు నేల పనికి మళ్ళడం నేను అప్పుడే చూశాను, మళ్ళీ పెద్దగా చూడలేదు. సొంత డబ్బు కాబట్టి జేసీబీ పెట్టుకున్నాం. 9 గంటల్లో ఒడ్డు లేచింది.

ఒర్రె సంగతి వేరు. నక్షాలో అది సర్కారు జాగ. అందుకే అందులో రాతి అడ్డుకట్టలను ఉపాధి హామీలో సామూహిక పనిగా గ్రామసభలో పెట్టించాం. ఈ కేసులో నాకు తట్టిన ఒకే ఒక్క తెలివైన ఉపాయం అదే కావచ్చు: సొంత భూమిలోకి రాలేని పథకాన్ని దాని పక్కనున్న సర్కారు జాగలోకి తేవడం. వాలు వందకు మూడు. కట్ట ఎత్తు ముప్పావు మీటరు అనుకుంటే, కింది కట్ట నెత్తి పై కట్ట పాదానికి సమంగా రావాలంటే 25 మీటర్లకు ఒకటి కావాలి. అలా 16 కట్టలు. రాళ్ళు గుట్ట కిందే దొరికాయి. ఉపాధి హామీలో కూలీల చేతి పనిని తీసేసే యంత్రాలకు, కాంట్రాక్టర్లకు చోటు లేదు. అది మంచి నియమమే, కానీ ఏప్రిల్ నెలలో మొరం నేలలో కుంట తవ్వే వాళ్ళ అరచేతులు చూశాక నోరు మెదపబుద్ధి కాదు. గట్టి నేలలో రోజంతా గడ్డపార వేసినా కొలత తక్కువ వస్తుంది, కొలత తక్కువైతే కూలి తక్కువ. "పట్నం పోయి స్లాబు కాడ మోస్తే ఇంతకు రెండింతలు వస్తది" అని ఇద్దరు మూడో రోజే మానేశారు. కూలి డబ్బులు ఆలస్యమైనప్పుడు నేను రెండు వారాలు ఆ ఊరివైపు పోలేదు. పిరికితనమే.

మంజూరైన కుంటను పల్లపు మూల నుంచి మధ్య చేలలోకి జరిపాం. కింది రైతు ఒప్పుకోవడానికి నెల పట్టింది. తన పేరు మీద వచ్చినది తన అన్న కొడుకు చేనులోకి పోవడమంటే మాటలు కాదు. చివరికి మంజూరు ఆ అబ్బాయి పేరు మీదికి మారింది. ఈయనకు బదులుగా ఒడ్ల పని వచ్చింది. కుంటలో ప్లాస్టిక్ కవర్ పరచలేదు. నీళ్ళు నిలవడం కాదు, ఇంకడం కావాలనుకున్నాం.

పూడిక మన్ను గురించి ఒక్క మాట. ఊరి చెరువులో తవ్విన నల్ల మన్నును నలుగురు తోలుకున్నారు. ఎర్ర చెల్కకు చెరువు మట్టి కలిపితే తడి నిలుస్తుందని ఎవరికీ చెప్పనక్కర్లేదు, అది వాళ్ళ తాతల నాటి తెలివి. ఆ పనికి మా ట్రైనింగు, బ్యానరు, సంతకాలు ఏవీ అవసరం పడలేదు. అడిగినవాళ్ళకు ట్రాక్టర్ నింపారు, అంతే. స్వచ్ఛందం అనే మాటకు నేను చూసిన వాటిలో అదే దగ్గరగా ఉంది.

2019 వానలకు అన్నీ నిలబడ్డాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి నిలబడలేదు. హైదరాబాద్ మునిగిన రాత్రి అది, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తిన రాత్రి. రెండు రోజుల తర్వాత దారి దొరికి వెళ్ళి చూస్తే 16 కట్టల్లో 3 కొట్టుకుపోయాయి. పెద్దసారు ఒడ్డుకు నాలుగు మీటర్ల గండి పడింది. అంత వానకు ఏది నిలుస్తుందిలే అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ గండి పడిన చోటు చూస్తే అసలు కారణం తెలిసింది. రెండో మత్తడిని ఎవరో మన్నుతో కప్పేసి ఉన్నారు. కౌలుదారు ట్రాక్టర్ చేనులోకి దిగాలంటే అదొక్కటే దారి. ఆయనకు దారి కావాలి, నేను దారి ఉన్న చోట మత్తడి పెట్టాను. సర్వే చేసినప్పుడు వాలు, నేల, నీళ్ళు అన్నీ అడిగాను. ట్రాక్టర్ ఎటు నుంచి వస్తుందని అడగలేదు. ఒప్పంద పత్రం మీద పెద్దసారు సంతకం ఉంది, బోర్ల రైతుల సంతకాలు ఉన్నాయి. రోజూ ఆ చేనులో నిలబడే కౌలుదారు సంతకం లేదు. గండి అక్కడ పడింది.

మరమ్మతుకు డబ్బెక్కడిది? కట్టడానికి పథకం ఉంటుంది, కాపాడడానికి ఉండదు. ఉపాధి హామీలో ఒకసారి పూర్తయిందని రాసిన పనిని ఏడాదికే మళ్ళీ అడిగితే ఎవరూ సంతకం పెట్టరు. వాటర్‌షెడ్ ప్రాజెక్టుల్లో దీనికి ఒక ఏర్పాటు ఉంది: 2008 నాటి ఉమ్మడి మార్గదర్శకాల ప్రకారం సొంత భూముల్లో చేసే పనులకు రైతు కనీసం 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, సన్న, చిన్నకారు రైతులైతే 5 శాతం వాటా కట్టాలి. ఆ డబ్బు అభివృద్ధి నిధిగా బ్యాంకులో ఉండి తర్వాతి మరమ్మతులకు పనికొస్తుంది. మా పనికి వాటర్‌షెడ్ ప్రాజెక్టు నీడ లేదు, నిధీ లేదు. ఊళ్ళోవాళ్ళే మూడు ఆదివారాలు వచ్చి కట్టలు పేర్చారు. ఒడ్డు గండి పూడ్చి, మత్తడిని పన్నెండు గజాలు పక్కకు జరిపి, పాత చోట కౌలుదారుకు రాతి పరుపుతో దారి వదిలాం. అప్పుడు ఆయన చేత కూడా సంతకం పెట్టించాను. "నాదెందుకు సారూ" అని నవ్వాడు.

డ్రిప్ గురించి మా రిపోర్టులో విజయమని రాశాం. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ముగ్గురు పెట్టుకున్నారు. అందరికీ నీళ్ళు మిగిలాయి. మిగిలిన నీళ్ళతో ఒకాయన టమాట ఎకరం నుంచి రెండెకరాలకు పెంచాడు, ఇంకొకాయన కీరా మొదలుపెట్టాడు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. మోటార్ ఆపడానికి కారణం ఏముంది? రైతు ఆదాయం పెరిగింది, సంతోషమే. బోరులో నీళ్ళు మిగిలాయని మాత్రం చెప్పలేను. నీటిని పొదుపు చేసే పరికరానికి సబ్సిడీ ఇవ్వడం, నీటిని పొదుపు చేయడం ఒకటి కాదు.

మరి ఏం సాధించాం? నా దగ్గర రెండు కొలతలు ఉన్నాయి. ఒకటి ఊట బావి. తాడుకు రాయి కట్టి నెలనెలా చూశాం. మేం మొదలుపెట్టాక వచ్చిన మొదటి ఫిబ్రవరికే ఎండింది, 2021లో, 2022లో ఏప్రిల్ దాకా నీళ్ళున్నాయి. కానీ 2020, 2021 రెండూ మంచి వానల సంవత్సరాలు. అందులో మా పుణ్యం ఎంత, వానదెంత అని విడదీసి చెప్పే లెక్క నా దగ్గర లేదు. చెప్పేవాళ్ళను చూస్తే నాకు అనుమానం. రెండోది ఒర్రె నెత్తి. 2018లో దాని అంచుకు రెండు మీటర్ల పైన రెండు ఇనుప చువ్వలు పాతాను. 2022 జూన్‌లోనూ అంచు అక్కడే ఉంది, చువ్వల దగ్గరికి రాలేదు. కట్టల వెనక నిండిన ఒండ్రులో తుంగ, గడ్డి మొలిచాయి, గొర్రెలు మేస్తున్నాయి. దీని మీద మాత్రం ఎవరితోనైనా వాదిస్తాను.

ఇంకోసారి చేయాల్సి వస్తే దరఖాస్తులతో మొదలుపెట్టను. అమెరికాలో 1930లలో ధూళి తుఫాన్ల దెబ్బ తర్వాత 1935లో హ్యూ హామండ్ బెన్నెట్ నాయకత్వంలో నేల సంరక్షణకు ప్రత్యేక సర్వీసు పెట్టారు. ఇప్పటికీ దాని వారసులు ముందు రైతు చేను మొత్తానికి ఒక ప్రణాళిక రాసి, ఏ పథకం డబ్బు ఎక్కడ సరిపోతుందో ఆ తర్వాత చూస్తారు. 1985 చట్టంతో వచ్చిన ఇంకో పథకంలో కోతకు గురయ్యే భూమిని సాగు నుంచి తప్పించి గడ్డి, చెట్లు పెంచితే 10 నుంచి 15 ఏళ్ళు ఏటా అద్దె ఇస్తారు. వాళ్ళ వందల ఎకరాల కమతాలకు, మన రెండు మూడెకరాలకు పోలిక లేదని తెలుసు, అదే పద్ధతి ఇక్కడ దింపమనడం లేదు. కానీ ఆ 'ముందు చేను, తర్వాత పథకం' అన్న వరస మాత్రం మనకూ పనికొస్తుంది. ఇక్కడ శంకరపల్లి మండలం కొత్తపల్లిలో 1999 నుంచి ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వాళ్ళు గ్రామస్తులతో కలిసి చేసిన ఆదర్శ వాటర్‌షెడ్‌కు కింది రైతును, పెద్దసారును ఒక రోజు తీసుకెళ్ళాను. అక్కడ ఎక్కువగా నల్లరేగడి, మా ఎర్ర చెల్కకు పద్ధతులన్నీ సరిపడవు. కానీ వాళ్ళిద్దరూ చూసింది నేలను కాదు. పై రైతు, కింది రైతు ఒకే చాప మీద కూర్చుని మాట్లాడడం. తిరుగు ప్రయాణంలో ఒకే సీట్లో కూర్చున్నారు.

2022 ఏప్రిల్‌లో జీవో 69తో జీవో 111 ఆంక్షలు తొలగుతున్నాయన్న వార్త వచ్చింది. వారం లోపలే ఊళ్ళోకి తెల్ల కార్లు మొదలయ్యాయి. మధ్యలో 5 ఎకరాలున్నాయన అమ్మేశాడు. తప్పు పట్టను, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళున్నాయి. కొన్నవాళ్ళు మొదటి పనిగా నేల చదును చేసి, హద్దు చుట్టూ సిమెంటు కడ్డీలు పాతారు. చదునులో ఒక ఒడ్డు పోయింది, ఒక మత్తడి మన్ను కింద పడింది. మా తెల్ల కాగితం ఒప్పందం పాత యజమానిది. భూమి చేతులు మారినా నీటి దారికి హక్కు నిలిచేలా రాయించే పద్ధతి మేం వాడిన ఏ పథకంలోనూ లేదు. కొన్నాయన ఎవరో మాకు తెలియదు, వాచ్‌మన్ నంబరు ఒక్కటే దొరికింది.

జూన్‌లో నీళ్ళ ట్యూబు లెవల్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. ఈసారి పెద్దసారు తనంతట తానే వచ్చారు, మనవడి కారులో. వాచ్‌మన్‌తో ఆయనే మాట్లాడారు, నన్ను మాట్లాడనివ్వలేదు. "చూడు బిడ్డా, నా చేను మత్తడి నీళ్ళు ఈడికెల్లే పోతయి. గోడ కట్టిన్రనుకో, మీ సారు ప్లాటుల నిలుస్తయి. మొన్న ఇరవైల ఏం జరిగిందో వీడియో ఉన్నది, చూపెట్టమంటవా?" మనవడు ఫోన్ తీసి చూపించాడు. వాచ్‌మన్ తన ఓనర్‌కు వాట్సాప్‌లో పంపాడు.

మూడు రోజులకు జవాబొచ్చింది. రెండు కడ్డీల మధ్య 8 అడుగులు వదులుతారట. గోడ కట్టేటప్పుడు అక్కడ తూములు పెడతారో, గేటు పెడతారో ఇంకా తేల్చలేదు. కింది రైతు మాత్రం ఆ 8 అడుగుల్లో అప్పుడే రాళ్ళు పేర్చడం మొదలుపెట్టాడు.